అమ్మ ఆడిన ఒకే ఒక్క అబద్ధం

నా చదువు ఒక అబద్ధంతో మొదలైంది. దాన్ని ఆడింది మా అమ్మ. నాకు తెలిసినంతవరకు ఆమె జీవితం మొత్తంలో ఆడిన అబద్ధం అదొక్కటే. ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న మా ఊరి బడిలో నన్ను చేర్పించడానికి వెళ్ళిన రోజున, వరండా మెట్టు కింద నిలబడి ఉన్న అమ్మను ప్రధానోపాధ్యాయులు "మతమేమిటమ్మా?" అని అడిగారు. అమ్మ ఒక్క క్షణం తడబడి, "హిందువులమేనండయ్యా" అన్నది. ఆయన తలెత్తి ఆమె వంక చూశారు. మా పల్లెలో ప్రతి ఆదివారం మోగే మందిరం గంట ఆయన ఇంటికీ వినిపిస్తుంది. అయినా మరో మాట అడగకుండా రిజిస్టరులో 'హిందూ మాదిగ' అని రాసుకున్నారు. మందిరంలో పాస్టరుగారు నాకు పెట్టిన పేరు ఒకటి, ఆనాడు రిజిస్టరుకు ఎక్కిన పేరు మరొకటి. ఈ రెండు పేర్ల మధ్య అరవై ఏళ్ళు బతికాను. విశ్వాసం, సత్యం, నమ్మకం, శీలం అనే మాటలను గురించి పెద్దలు ఉపన్యసించినప్పుడల్లా నాకు ఆ వరండా మెట్టే గుర్తుకు వస్తుంది.

అమ్మ ఎటువంటి మనిషో చెప్పకపోతే ఆ అబద్ధపు బరువు పాఠకులకు తెలియదు. ఒకసారి మిరపకాయ కోతకు వెళ్ళినప్పుడు చెట్ల మధ్య ఆమెకు ఒక బంగారు చెవికమ్మ దొరికింది. ఆ ఏడాది మా ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగిన రోజులు తక్కువ. అమ్మ ఆ కమ్మను కొంగున కట్టుకొని, పని ముగిసేవరకు కూడా ఆగకుండా వెళ్ళి ఆసామి భార్య చేతిలో, అంటే ఆమె చేతికి తగలకుండా అరుగు మీద, పెట్టి వచ్చింది. ఆ ఇల్లాలు సంతోషించి చుట్టుపక్కల వాళ్ళందరికీ చెప్పింది: "మాదిగదయినా ఎంత నమ్మకస్తురాలో!" అమ్మ ఆ మాటను మెప్పుగానే ఇంటికి తెచ్చుకుంది. అందులోని 'అయినా' అన్న చిన్న ముక్క నాకు వినిపించడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఒక మనిషి నిజాయితీ ఆమె కులానికి మినహాయింపుగా నమోదయింది. ఒకరు దొంగిలిస్తే కులమంతా దొంగ, ఒకరు నిజాయితీగా ఉంటే ఆ ఒక్కరే నిజాయితీపరురాలు. మన సమాజంలో శీలానికి వేసే లెక్క ఇది.

తెలుగులో 'విశ్వాసం' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. మా మందిరాల్లో క్రైస్తవుణ్ణి విశ్వాసి అంటారు. ఊళ్ళో ఆసాములు అదే మాటను పాలేరుకు వాడతారు, పెంపుడు కుక్కకూ వాడతారు. రాత్రంతా కల్లం దగ్గర ధాన్యపు రాశికి కాపలా పడుకోవడానికి మా నాన్న విశ్వాసపాత్రుడు. తెల్లవారి అదే ఇంటి కుండలో నీళ్ళు ముంచుకోవడానికి మాత్రం కాదు. రచ్చబండ దగ్గర తగాదా వస్తే ఆయన సాక్ష్యానికి విలువా లేదు. ఆస్తిని నమ్మి అప్పగిస్తారు, మాటను మాత్రం నమ్మరు. ఈ రెండో నమ్మకం కోసమే, తన మాటను మాటగా వినే ఒక చోటు కోసమే, మా ముత్తాతలు నదిలో మునిగి లేచారని నేను అనుకుంటాను.

ఆ చరిత్ర ఒంగోలు ప్రాంతంలో అందరికీ తెలిసిందే. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకున్నాడు. పదేళ్ళకు, 1876-78లో, మహా కరువు వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పనిని గుత్తకు తీసుకొని వేలాదిమందికి కూలి చూపించాడు. కరువు కాలంలో ఆయన బాప్తిస్మాలు ఇవ్వడం ఆపివేశాడు. గంజి కోసం వచ్చినవారెవరో, దేవుడి కోసం వచ్చినవారెవరో తేల్చుకోలేమన్న సంకోచం అందుకు కారణం. కరువు సడలిన తరువాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గమనించవలసిందేమంటే, అంటరానివాడి విశ్వాసం మీద అనుమానం ఆ తొలి రోజునే పుట్టింది. ఇతను నిజంగా నమ్మాడా, లాభం కోసం నటిస్తున్నాడా అన్న ప్రశ్నను ఆనాడు మిషనరీ అడిగాడు. నేడు ప్రభుత్వమూ న్యాయస్థానమూ అడుగుతున్నాయి. అడిగేవారు మారారు, అనుమానితుడు మాత్రం మారలేదు.

ఇక అమ్మ ఆ వరండాలో ఎందుకు తడబడిందో చూద్దాం. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితాను ప్రకటించింది. దాని మూడో పేరా ప్రకారం హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించే వ్యక్తి షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సవరించి సిక్కు దళితులను చేర్చారు. 1990లో బౌద్ధ దళితులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు నేటికీ వెలుపలే ఉన్నారు. షెడ్యూల్డు తెగలకు ఇటువంటి మతపరమైన షరతు ఏదీ లేదు. మన రాష్ట్రాల్లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవారిని వెనుకబడిన తరగతుల్లో 'సి' విభాగంగా గుర్తించి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఈ పేరాలను అమ్మ చదవలేదు, ఆమెకు అక్షరాలే రావు. అయితే సాంఘిక సంక్షేమ హాస్టలులో సీటు, ఉపకార వేతనం, రేపటి ఉద్యోగం, ఇవన్నీ ఒక్క మాట మీద ఆధారపడి ఉన్నాయని పల్లెలో అందరికీ తెలుసు. అందుకే మా పల్లె పిల్లలందరికీ రెండేసి పేర్లున్నాయి.

హైస్కూలుకు వచ్చాక నాకు ధర్మసందేహం మొదలైంది. పది ఆజ్ఞలు నాకు నేర్పింది అమ్మే. అబద్ధ సాక్ష్యం చెప్పరాదన్నది అందులో ఒకటి. ఒక రాత్రి, "నాకు నేర్పినదాన్ని నువ్వే తప్పావేమమ్మా?" అని అడిగాను. ఆమె కోప్పడలేదు. "ఆ కాయితంలో నా దేవుడెవరని వాళ్ళు అడగలేదయ్యా, నీకు చదువు కావాలా వద్దా అని అడిగారు. కావాలన్నాను" అన్నది. తరువాత చాలాసేపు మౌనంగా ఉండి, "నా పాపం నేను మోస్తాలే, నువ్వు చదువుకో" అన్నది. ఆ రెండో మాటే నన్ను ఈనాటికీ వదలలేదు. మొదటి మాటలో ఆమె న్యాయం చెప్పింది. రెండో మాటలో ఆమె తనను తాను దోషిగానే తీర్పు చెప్పుకుంది. తన బిడ్డకు చదువు చెప్పించుకోవడానికి ఒక తల్లి తన అంతరాత్మ ముందు దోషిగా నిలబడవలసి రావడం ఏ రాజ్యాంగ విలువకు నిదర్శనమో పెద్దలు చెప్పాలి.

చదువు పూర్తయింది, ప్రభుత్వోద్యోగం వచ్చింది. దానితోపాటు భయం కూడా వచ్చింది. ఉద్యోగ జీవితమంతా నేను మందిరంలో ఆఖరి వరుసలో, ద్వారం పక్కన కూర్చున్నాను. సంఘ పెద్దగా ఉండమంటే ఏదో ఒక సాకు చెప్పి తప్పుకున్నాను. నా పెళ్ళి శుభలేఖలు రెండు రకాలుగా అచ్చువేయించాం. వాక్యం ఉన్నవి చుట్టాలకు, లేనివి కార్యాలయానికి. ఇంత జాగ్రత్తపడినా ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళనే వెళ్ళింది. విచారణకు వచ్చిన ఉద్యోగి మా ముందుగదిలో కూర్చొని మాట్లాడుతూ గోడల వంక చూశాడు. ముందురోజు రాత్రే నా భార్య క్రీస్తు పటాన్ని తీసి బియ్యం డబ్బా వెనుక పెట్టింది. పటం తీసిన చోట గోడ మీద తెల్లటి మచ్చ మాత్రం మిగిలిపోయింది. ఆయన ఆ మచ్చను చూశాడు, నేను ఆయన చూడటాన్ని చూశాను. ఆయన దయగల మనిషి, ఏమీ రాయకుండా వెళ్ళిపోయాడు. నా ఉద్యోగం ఒక అపరిచితుడి దయ మీద నిలబడింది. పౌరుడికి హక్కుగా దక్కవలసినది దయగా దక్కినప్పుడు మనిషి వెన్ను కొంత వంగిపోతుంది. నాది వంగింది.

నేను మోసగాడినా? ఈ ప్రశ్నను ఇతరుల కంటే ముందు నేనే వేసుకున్నాను. చట్టం అక్షరాన్ని బట్టి చూస్తే అవునని ఒప్పుకోవాలి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో, క్రైస్తవాన్ని ఆచరిస్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకొని షెడ్యూల్డు కుల హోదా కోరడం రాజ్యాంగాన్ని మోసగించడమేనన్న అభిప్రాయం వెలిబుచ్చింది. ఆ వార్త చదివిన రోజున అన్నం సహించలేదు. అయితే నేను చెప్పిన అబద్ధం ఏ విషయంలోనో విడదీసి చూడాలని మనవి. నా కులం విషయంలో నేను అబద్ధమాడలేదు. మాదిగపల్లెలో పుట్టాను, మాదిగవాడిగానే ఊరి హోటల్లో వేరే గ్లాసులో టీ తాగాను. అద్దె ఇల్లు అడిగినప్పుడు నన్ను తిప్పిపంపింది నా కులాన్ని బట్టే, నా ప్రార్థనను బట్టి కాదు. రిజర్వేషన్ ఏ గాయానికి మందుగా వచ్చిందో ఆ గాయం నాకు నిజంగానే ఉంది. మందు ఇచ్చే ముందు 'నీవు ఏ దేవుడికి మొక్కుతావు?' అని అడిగారు. ఆ అడగకూడని ప్రశ్నకు నా తల్లి అబద్ధపు జవాబు చెప్పింది.

గాయం నిజమైనదనడానికి మన నేల మీదే సాక్ష్యాలున్నాయి. 1985 జూలై 17న కారంచేడులో హతులైన మాదిగల పేర్లలో మోషే అన్న పేరుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో హతులైన ఎనిమిది మంది పేర్లలో ఇమ్మానుయేలు, ఇస్సాకు, సంసోను ఉన్నారు. గొడ్డళ్ళు పట్టుకొని వెంటబడినవారు ఎవరి బాప్తిస్మ పత్రాన్నీ అడగలేదు. బైబిలు పేరు పెట్టుకున్నందుకు ఎవరినీ వదిలిపెట్టలేదు. చంపేవాడికి కనిపించిన కులం, రక్షించవలసిన చట్టానికి మాత్రం మతం అడ్డుపడి కనిపించకుండా పోతున్నది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పదేళ్ళుగా పాస్టరుగా పనిచేస్తున్న ఒక వ్యక్తి పెట్టిన అత్యాచారాల నిరోధక చట్టం కేసును, అతను క్రైస్తవుడయ్యాడు గనుక ఆ చట్టం వర్తించదని కొట్టివేసింది. ఉన్న చట్టాన్ని ఉన్నట్టుగా అన్వయించిన తీర్పే కావచ్చు. అలా అయితే సరిదిద్దుకోవలసింది చట్టాన్నే.

చట్టం తర్కంలో మరొక చిక్కుముడి ఉంది. క్రైస్తవుడైన దళితుడు, లేదా అతని సంతానం, తిరిగి హిందూ మతంలోకి వస్తే, ఆ కులం వారు అతణ్ణి తమవాడిగా అంగీకరిస్తే, షెడ్యూల్డు కుల హోదా తిరిగి వస్తుందని సుప్రీంకోర్టు 1984లోనూ 2015లోనూ తీర్పులిచ్చింది. మంచిదే. అయితే చర్చి గడప దాటగానే అంతరించిపోయిన కులం, వెనక్కి దాటగానే ఎక్కడి నుంచి లేచి వచ్చింది? అది మధ్యకాలంలో ఎక్కడికీ పోలేదని, గ్రహణం పట్టిన సూర్యుడిలా అక్కడే ఉందని న్యాయస్థానమే ఒప్పుకున్నట్టు కదా! ఉన్నదాన్ని లేదని రాయించడమూ సత్యానికి దూరమైన పనే. మా అమ్మ ఒక్కసారి ఆ పని చేసింది. రాజ్యం ఏడు దశాబ్దాలుగా చేస్తున్నది.

ఈ వ్యవస్థ మనుషులనే కాకుండా అంకెలను కూడా అబద్ధికులుగా మార్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 జనగణన నాటికి క్రైస్తవులు జనాభాలో నాలుగు శాతానికి పైగా ఉన్నారు. 2011 నాటికి ఒకటిన్నర శాతానికి లోపు పడిపోయారు. ఈ నలభై ఏళ్ళలో పల్లెల్లో మందిరాలు పెరిగాయో తగ్గాయో మన కళ్ళు చెబుతాయి. గణకుడు ఇంటికి వచ్చినప్పుడు ఆ అరుగు మీద మా అమ్మవంటి తల్లులు లక్షలమంది తడబడి ఉంటారు. నిజం చెబితే శిక్షపడే చోట నిజం వినే అర్హత ప్రశ్నించేవాడికి ఉండదు.

ఎదుటి వాదనలనూ గౌరవంతో వినాలి. క్రైస్తవంలో కులం లేదన్నప్పుడు కులం పేరిట కోరిక ఏమిటన్నది ఒకటి. సిద్ధాంతంలో లేనిమాట నిజమే. ఆచరణలో ఉన్నదన్నదీ అంతే నిజం. గుంటూరు ప్రాంతంలో రెడ్డి, కమ్మ క్రైస్తవ కుటుంబాలున్నాయి. వారిలో ఎందరు మాల, మాదిగ క్రైస్తవులతో వియ్యమందారో లెక్కపెట్టడానికి వేళ్ళు చాలు. సంఘంలో అంటరానితనం కొనసాగుతున్నదని భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో స్వయంగా అంగీకరించింది. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారు కార్డినల్ అయినప్పుడు తొలి దళిత కార్డినల్ అని లోకమంతా రాసిందంటే, చర్చిలో కులం లెక్క ఎంత పదిలంగా ఉన్నదో తెలుస్తున్నది. మా చర్చి పెద్దలు కూడా ఈ విషయంలో నిర్దోషులు కారు. ఆదివారం సత్యాన్ని బోధించి, సోమవారం ధ్రువపత్రం సంగతి గుట్టుగా ఉంచుకోమని చెప్పిన పాస్టర్లను నేనెరుగుదును.

రెండో వాదన మరింత బరువైనది. పదిహేను శాతంలో మరింతమంది చేరితే హిందూ దళితుల వాటా తగ్గదా, మిషన్ బడుల్లో ముందే చదువుకున్నవారు ముందుకు దూసుకుపోరా అన్నది. ఆ భయం నాకు అర్థమవుతుంది. మాదిగగా పుట్టి, వాటా దక్కకపోవడమంటే ఏమిటో అనుభవించినవాణ్ణి. దానికి పరిష్కారం లెక్కలోనే ఉంది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం షెడ్యూల్డు కులాల వర్గీకరణ సబబేనని తీర్పు చెప్పింది. ఎవరు ఎంత వెనుకబడి ఉన్నారో లెక్కించి పంచుకోవచ్చునని ఒప్పుకున్నాక, క్రైస్తవ దళితుల సంగతి కూడా ఆ పద్ధతిలోనే తేల్చుకోవచ్చు. వాటా పెంచమనీ అడగవచ్చు. దాపరికంగా వాటా తీసుకునే వేలమంది కంటే, బహిరంగంగా లెక్కలో నిలబడే వేలమంది హిందూ దళిత సోదరులకు కూడా మేలు చేస్తారు.

రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మతానికీ షెడ్యూల్డు కుల హోదాకూ ముడి తెంచమని సిఫారసు చేసింది. 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కుల హోదా ఇవ్వాలని తీర్మానించి కేంద్రానికి పంపింది. కమిషన్లు, తీర్మానాలు వస్తున్నాయి. వరండా మెట్టు కింద నిలబడిన తల్లి మాత్రం అక్కడే ఉన్నది. వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా, గుడి తలుపులు మూసుకున్న అంటరానివాడి గోడును గబ్బిలం ద్వారా కాశీనాథుడికి పంపించాడు. ఆ కవికి ఏ దేవుడికి విన్నవించుకోవాలో ఎవరి అనుమతీ అవసరం కాలేదు. ఆ పాటి స్వేచ్ఛను ఒక కూలితల్లికి ఇవ్వడానికి మూడో పేరాలో ఒక్క వాక్యం తొలగిస్తే సరిపోతుంది.

చివరగా నా మీద నేను చెప్పుకోవలసిన నేరం ఒకటుంది. నేను ఉద్యోగంలో ఉండగానే అమ్మ పోయింది. తన సమాధి మీద సిలువ, దాని మీద తన పేరు ఉండాలన్నది ఆమె అడిగిన ఒకే ఒక్క కోరిక. నేను పెట్టలేదు. రాతి మీద పేరుంటే ఇంటిపేరుంటుంది, ఎవరైనా ఫొటో తీసి పంపుతారని భయపడ్డాను. ఆమె నా కోసం ఒక్కసారి అబద్ధమాడితే, నేను ఆమె మరణం మీద కూడా ఆ అబద్ధాన్ని కప్పి ఉంచాను. పదవీ విరమణ చేసిన తరువాతి ఆదివారం రాయి చెక్కించి తీసుకువెళ్ళాను. అప్పటికి మట్టి దిబ్బ నేలలో కలిసిపోయింది. ఏది అమ్మ సమాధో, ఏది పక్కన పడుకున్న పిన్నమ్మ సమాధో తేల్చుకోలేకపోయాను. పల్లెలో ఒక ముసలామె వచ్చి తుమ్మచెట్టు నుంచి అడుగులు లెక్కపెట్టి "ఇదే అబ్బాయ్, మీ అమ్మ ఇక్కడే" అన్నది. ఆమె మాట నమ్మి రాయి పాతాను. అంతకు మించి నాకు ఏ ధ్రువపత్రమూ లేదు.

ఈ వేసవిలో నా మనవరాలిని బడిలో చేర్చారు. దరఖాస్తులో మతం అన్న గడి దగ్గర నా కొడుకు కలం ఆపి నా వంక చూశాడు. వాడూ ఉద్యోగస్థుడే. నేను తల తిప్పుకున్నాను. ఏం రాశాడో అడగలేదు. ఆ పాప కూడా ఒకనాడు పెరిగి పెద్దదై, అబద్ధమాడరాదని మీరే నేర్పారు కదా అని నిలదీస్తుంది. ఆనాటికైనా ఆ ప్రశ్నకు ఇంట్లోవాళ్ళం కాక, ఆ గడిని అచ్చువేసినవారు జవాబు చెప్పే స్థితి రావాలని నా ప్రార్థన. నా ప్రార్థన ఏ దేవుడికో ఈసారి దాచడం లేదు.